చాపెల్ కొండ కింది తెల్లగీత

సెప్టెంబర్ 2

బండి ఆగలేదు.

సెప్టెంబర్ 3

నిన్న అంతకంటే రాయాలనిపించలేదు. ఈ రోజు మణికట్టు వాపు తగ్గింది.

జూన్ నుంచి ఆగస్టు దాకా, ఇక్కడి చలికాలమంతా, షెడ్డులో ఉన్న నా భార్య ఐల్సా మోటారుసైకిలును నిన్న మొదటిసారి బయటికి తీశాను. చిన్న చర్చి ఉన్న చాపెల్ కొండ దిగుతూ ముందు బ్రేకు పిడి నొక్కాను. పిడి వేళ్ళ కింద మెత్తగా కుంగి హ్యాండిల్ దాకా వచ్చేసింది. బండి తన దారిన తాను పోయింది. వెనక బ్రేకు ఎంత తొక్కినా ఆ వాలు మీద దానిది మాట సాయమే. కొండ కింద సముద్రపు రోడ్డు అడ్డంగా వస్తుంది. అక్కడ ఆగాలని తెల్లగీత గీసి ఉంది. గీత దాటాను, రోడ్డు దాటాను, నోలా పెట్రోలు బంకు ముందు పేర్చిన పాత టైర్లలోకి వెళ్ళి ఆగాను. ఆ సమయానికి రోడ్డు మీద ఏ లారీ లేదు. ఉంటే ఈ పేజీ ఖాళీగా ఉండేది.

నోలా బయటికి వచ్చింది. ఒకప్పుడు నా దగ్గర కెమిస్ట్రీ చదివింది. చదవలేదు, క్లాసులో కూర్చుంది.

"పెట్రోలు కావాలా సార్, టైర్లు కావాలా?" అంది.

సాయంత్రం క్లెమ్ వచ్చాడు. ఐల్సాకు అన్న. ఊళ్ళో అంబులెన్సు నడిపే స్వచ్ఛంద సేవకుల్లో పెద్దవాడు. చేతిలో స్కాలప్ పై, సముద్రపు గుల్లల కూర పెట్టి కాల్చిన రొట్టె. నా చేతికిచ్చి, రెండో చెయ్యి చాపాడు.

"తాళం ఇలా ఇవ్వు ప్రొఫెసరూ."

"ఎందుకు?"

"నువ్వు ఒప్పుకున్నావు గనక. అంబులెన్సు నిధికి బండిని లాటరీలో పెడదామంటే తలూపావు, చెల్లి అంత్యక్రియల రోజు."

"ఆ రోజు ఎవరేమన్నా తలూపాను. శాండ్‌విచ్ కావాలా అన్నా ఊపాను."

"శాండ్‌విచ్ తిన్నావుగా. ఇదీ అంతే."

ఇవ్వనన్నాను. అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నువ్వు ఆ బండి మీద ముందు సీట్లో ఎప్పుడు కూర్చున్నావ్? ఇన్నేళ్ళూ మా చెల్లి వెనకాల ఉన్ని మూటలా కూర్చున్నావ్."

"లైసెన్సు ఉంది."

"నాకు బాప్తిస్మం సర్టిఫికెట్ ఉంది. దాంతో స్వర్గానికి రానిస్తారా? హైవే మీద నేను ఎత్తుకొచ్చిన వాళ్ళందరి జేబుల్లోనూ లైసెన్సులున్నాయి, డెస్."

చివరికి ఇలా తేలింది. టికెట్లు అక్టోబర్ మొదటి సోమవారం అచ్చుకు వెళ్తాయి. ముందు రోజు, ఆదివారం, నేను చాపెల్ కొండ మీద నుంచి దిగి తెల్లగీత దగ్గర బండి ఆపాలి. ఆగితే బండి నాది, అతను ఇక నోరెత్తడు. ఆగకపోతే తాళం అతనిది.

"హోబార్ట్ పంపించు. అక్కడ మంచి వర్క్‌షాపుంది," అన్నాడు వెళ్తూ.

"నేనే బాగు చేస్తాను."

"నువ్వు కుళాయి వాషర్ మార్చిన రోజు ఇల్లు మునిగింది."

"ఆరిందిగా."

అతను తెచ్చిన పై బాగుంది. తిన్నానని అతనికి చెప్పను.

సెప్టెంబర్ 5

పిడి మెత్తగా కుంగిందంటే గొట్టంలో గాలి చేరినట్టు. ద్రవం నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. పదో తరగతి పాఠం. బ్రేకు ఆయిల్ డబ్బా మూత తీశాను. తేనె రంగులో ఉండవలసినది కాచి మరిచిన టీలా ఉంది. ఈ ఆయిల్ గాలిలోని తేమను తాగుతుంది. ఏళ్ళుగా తాగింది.

గాలి తీయడం ఇద్దరి పని. ఒకరు పిడి నొక్కి పట్టుకోవాలి, ఒకరు కింద మర వదులు చేసి మళ్ళీ బిగించాలి. ఐల్సా నొక్కేది, నేను కింద కూర్చునేవాణ్ణి. "నొక్కా", "వదిలా", "నొక్కా", "వదిలా". అంతే సంభాషణ, మధ్యాహ్నమంతా.

ఒంటరివాడికీ ఒక పద్ధతి ఉంది. మరకు సన్న ప్లాస్టిక్ గొట్టం తొడిగి, రెండో కొసను కొత్త ఆయిల్ పోసిన జామ్ సీసాలో ముంచాలి. అప్పుడు పిడి వదిలినా లోపలికి గాలి రాదు, ఆయిలే వస్తుంది. పైన డబ్బా ఎండిపోకుండా పోస్తూ ఉండాలి. నల్ల ఆయిల్ పోయి, బుడగలు పోయి, తేనె రంగు వచ్చేదాకా నొక్కాను. చివరికి పిడిని హ్యాండిల్‌కు తాడుతో కట్టి వదిలేశాను. మిగిలిన బుడగలేమైనా ఉంటే తెల్లారేసరికి పైకి పాకుతాయి.

రెండో మనిషి అవసరం లేదు.

సెప్టెంబర్ 6

తాడు విప్పాను. పిడి రాయిలా ఉంది. షెడ్డులో నిలబడి చాలాసేపు నొక్కాను, ఊరికే, ఆ గట్టితనం కోసం.

తర్వాత ఇంటి ముందు రోడ్డు మీదికి తీశాను. చదునైన రోడ్డు. నొక్కాను. పిడి కదల్లేదు. బండి ఆగలేదు. కొంచెం ఆలోచించి, తన ఇష్టమైన చోట ఆగింది.

అయితే ఇది గాలి గొడవ కాదు. గాలి ఉంది, పోయింది. దాని వెనక ఇంకొకటి దాక్కుని ఉంది. చేతి బలం చక్రం దాకా చేరుతోంది. చేరాక పట్టు దొరకడం లేదు.

రెండో మనిషి అవసరం లేదని నిన్న రాశాను. అది నిజమే.

సెప్టెంబర్ 9

క్యాలిపర్ విప్పాను. చక్రంతో పాటు తిరిగే డిస్కును రెండు పక్కలా ప్యాడ్లతో అదిమి ఆపే పిడికిలి అది. రెండు కడ్డీల మీద అటూ ఇటూ జరగాలి. తుప్పు పడితే ఒక పక్కే అదుముతుంది. కడ్డీలు శుభ్రంగా ఉన్నాయి. అయినా రుద్దాను, గ్రీజు రాశాను. లోపలి పిస్టను పాత టూత్‌బ్రష్‌తో కడిగి వేలితో నెట్టాను. వెన్నలోకి వెళ్ళినట్టు వెళ్ళింది. ఏ తప్పూ లేదు.

షెడ్డు వెనక గడ్డిలో ప్లవర్ పిట్టలు గుడ్లు పెట్టాయి. తలుపు తీసినప్పుడల్లా నా నెత్తి మీదికి దూకుతున్నాయి. ఈ ఊళ్ళో నన్ను తరమని ప్రాణి లేదు.

సెప్టెంబర్ 10

ఆగలేదు.

సెప్టెంబర్ 12

ప్యాడ్లు బయటికి తీశాను. మందం బోలెడంత ఉంది, అరగలేదు. కానీ ముఖం గాజులా మెరుస్తోంది. ప్యాడు మెరవకూడదు. సుద్దముక్కలా ఉండాలి.

కొత్తవి తెప్పించమని నోలాకు చెప్పాను. హోబార్ట్ నుంచి బస్సులో వస్తాయి.

"మీరు గెలవాలనే ఉంది సార్," అంది. "క్లెమ్‌తో చెప్పకండి, అతనికీ ఇదే చెప్పా."

డిస్కును స్పిరిట్‌తో, తెల్లగుడ్డతో తుడిచాను. గుడ్డకు కాస్త గోధుమ రంగు అంటింది. మళ్ళీ తుడిచాను. తగ్గింది. చాలనుకున్నాను.

సెప్టెంబర్ 17

ప్యాడ్లు వచ్చాయి. బిగించాను. కొత్త ప్యాడ్లను డిస్కుకు అలవాటు చేయాలి: కాస్త వేగం అందుకోవడం, నెమ్మదిగా తగ్గించడం, పూర్తిగా ఆపకుండా మళ్ళీ అందుకోవడం. ఊరి బయట జెట్టీ రోడ్డు మీద చేశాను. పట్టింది. నిజంగా పట్టింది. ముందు చక్రం నేలను కరిచినట్టు ఆగింది. క్లెమ్ తన పికప్‌లో ఎదురొచ్చాడు. చెయ్యి ఊపాను. అతను ఊపలేదు.

ఆ ఊపులో సగం కొండ ఎక్కి దిగాను. ఒకసారి బాగుంది. మళ్ళీ ఎక్కాను. రెండోసారి దిగుతుంటే పిడి రాయిలాగే ఉంది, బండి మాత్రం జారిపోయింది, చేతిలోంచి తడి సబ్బు జారినట్టు. తెల్లగీత దాకా పోకుండా పక్కకు తిప్పి ముళ్ళపొదలోకి దించాను. పసుపు పూల ముళ్ళు. చొక్కాలోంచి ఇంకా తీస్తున్నాను.

డిస్కు వేడిగా ఉంది. దాని దగ్గర ఏదో వాసన వచ్చింది. దాని గురించి రాయను.

సెప్టెంబర్ 18

పక్క పొలంలో గొర్రెల మంద ఉంది. ఆ వాసన అక్కడి నుంచే.

సెప్టెంబర్ 19

మంద ఉన్నది ఉత్తరాన. నిన్నా మొన్నా గాలి దక్షిణం నుంచి.

సెప్టెంబర్ 20

కొత్త ప్యాడ్లు కూడా మెరుస్తున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకోలేదు.

జిడ్డు తాగిన ప్యాడును కాలిస్తే జిడ్డు పోతుందని కొందరంటారు. పోదు, నాకు తెలుసు. లోపలికి ఇంకిపోయాక పైపైన కాల్చి లాభం లేదు. అయినా ఒకదాన్ని పట్టకారుతో పట్టుకుని వంటింట్లో స్టవ్ మంట మీద పెట్టాను. పొగ లేచింది.

ఐల్సా ఉన్ని కోత షెడ్లలో రకాలు తేల్చే మనిషి. కత్తిరించిన బొచ్చు బల్ల మీద పరిస్తే, ఒక్క పోగు లాగి వెలుతురుకు పట్టి, ఏ రకమో, ఏ మూటలోకో చెప్పేది. కోత రోజుల్లో సాయంత్రం ఈ బండి మీద ఇంటికి వచ్చేది. హెల్మెట్ తీయకముందే వంటింట్లోకి ఇదే ఉన్ని వాసన వచ్చేది. జుట్టులో, మెడ దగ్గర, చొక్కా చేతుల్లో. ఎంత స్నానం చేసినా కోత అయ్యేదాకా పోయేది కాదు. ఆమె అరచేతులు మాత్రం ఆ ఉన్ని జిడ్డుకు చిన్నపిల్లల చేతుల్లా మెత్తగా ఉండేవి.

కిటికీ తెరవలేదు. స్టవ్ కట్టేసి కూర్చున్నాను. పొగ చల్లారేదాకా.

చల్లారాక ఆలోచించాను. ఇది ఉన్ని జిడ్డు. ఈ ఊళ్ళో అది లేని ఇల్లు లేదు. చలికాలం ముందు సముద్రపు ఉప్పుకు తుప్పు పట్టకుండా ట్రాక్టరు కింద, పికప్ కింద, ట్రెయిలర్ కింద, గేటు గడియకు కూడా ఉన్ని జిడ్డు స్ప్రే కొడతారు. బ్రేకుల మీద కొట్టరు. కొట్టకూడదని ఐల్సాకు తెలుసు. పోగు చూసి గొర్రె వయసు చెప్పే మనిషి డిస్కు మీద జిడ్డు కొట్టదు.

ఆమె కాదు. నేనూ కాదు. మిగిలింది?

సెప్టెంబర్ 21

క్లెమ్ షెడ్డుకు వెళ్ళాను. ట్రాక్టరు కింద పడుకుని ఉన్నాడు, బూట్లు మాత్రం కనబడుతున్నాయి. కాలిన ప్యాడును బూట్ల దగ్గర పెట్టాను.

"ఏంటది?"

"వాసన చూడు."

ఒక చెయ్యి బయటికి వచ్చి ప్యాడును లోపలికి తీసుకెళ్ళింది. స్పానరు చప్పుడు ఆగింది.

"క్లెమ్."

"వింటున్నా."

"బయటికి రా."

"ఇక్కడే బాగుంది."

నేను నేల మీద కూర్చున్నాను. అతను ట్రాక్టరు కింది నుంచే చెప్పాడు.

మే నెలలో ఒక రోజు. నేను మందులు తేవడానికి పక్క ఊరు వెళ్ళాను. ఐల్సా ఫోన్ చేసి అతన్ని స్ప్రే డబ్బా పట్టుకుని రమ్మంది. షెడ్డులో ఉన్ని మూట వేసుకుని దాని మీద కూర్చుని ఉంది. ఒళ్ళో తన సొంత జిడ్డు డబ్బా. కూర్చున్నచోటి నుంచి అందినంత వరకు తనే వేళ్ళతో పూసింది: హ్యాండిల్, పిడులు, ట్యాంకు అంచు, సీటు ఎత్తి దాని కింద. వంగలేకపోయింది.

"కింది భాగం నువ్వు కొట్టు క్లెమ్, అంది. ట్రాక్టరుకి కొట్టినట్టు కొట్టా."

"డిస్కు మీద కూడా."

"ఎక్కడ కొడుతున్నానో నేను చూసుంటేగా. తల పైకెత్తితే చెల్లి కనబడుతోంది. మూట మీద కూర్చున్న మనిషి మూటలో సగం కూడా లేదు. నేల చూపులు చూస్తూ కొట్టుకుంటూ పోయా. డబ్బా ఖాళీ అయ్యేదాకా."

అతని చెయ్యి ప్యాడును తిరిగి బయటికి నెట్టింది.

"ఎందుకు పూయమంది?" అన్నాను.

స్పానరు చప్పుడు మళ్ళీ మొదలైంది.

"క్లెమ్. ఎందుకు?"

"వసంతంలో డెస్ బయటికి తీస్తాడు, అప్పటికి తుప్పు పట్టకూడదు అంది."

నేను ప్యాడును జేబులో వేసుకున్నాను.

"జూన్‌లో ఆమె పోయినప్పుడు ఈ మాట నాతో అనలేదు."

"అనలేదు."

"లాటరీ అన్నప్పుడూ అనలేదు."

అప్పుడు బయటికి జరిగి వచ్చాడు. ముఖమంతా నూనె.

"మీ ఇంట్లోంచి ఒకళ్ళని మోశాను ఈ ఏడాది. హోబార్ట్ దాకా నేనే నడిపా. ఇంకొకణ్ణి మొయ్యలేను డెస్. ఆ బండి రోడ్డు మీద లేకపోతే మొయ్యక్కర్లేదనుకున్నా. అంతే. తిట్టాలనుంటే తిట్టు."

తిట్టలేదు. లేచాను.

"పందెం అలాగే ఉంది," అన్నాను.

"బ్రేకు పాడు చేసింది నేనేనని తెలిశాక ఇంకా పందెమేంటి? లాటరీ మాట వదిలెయ్. బండి ఉంచుకో. షెడ్డులో ఉంచుకో."

"షెడ్డులో ఉంచుకోవడానికి పూయలేదు ఆమె. పాడు చేసింది నువ్వు, బాగు చేసేది నేను. గీత ఎక్కడికీ పోలేదు."

"నీ మొండితనం తగలెయ్యా," అన్నాడు వెనక నుంచి.

సెప్టెంబర్ 22

ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పాను: ఏ మరకో తెలియకుండా ఏ మందు వాడాలో తెలియదని. నేను మాత్రం మరకేదో చూడకుండా స్పిరిట్ పోసి తుడిచాను. ఉన్ని జిడ్డు నూనె కాదు, మైనం జాతి. చల్లటి స్పిరిట్‌కు సరిగా కరగదు, పలచగా పరుచుకుంటుంది. నేను డిస్కును తుడవలేదు, డిస్కంతా శ్రద్ధగా పూశాను.

ఇంకొకటి. డిస్కు నిండా చిన్న చిన్న రంధ్రాలున్నాయి. జిడ్డు వాటిలో గడ్డకట్టి ఉంది. చల్లగా ఉన్నంతసేపు కదలదు, అందుకే బండి ఒకటి రెండుసార్లు ఆగుతుంది. డిస్కు వేడెక్కగానే కరిగి ముఖం మీదికి వస్తుంది. కొత్త ప్యాడు తాగుతుంది.

నోలాకు ఇంకో జత చెప్పాను.

ఉన్నిలోంచి ఈ జిడ్డును ఎలా తీస్తారో నాకు తెలుసు. మా వంటింట్లోనే చూశాను. ఏదైనా మందలోని ఉన్ని మీద అనుమానం వస్తే ఐల్సా ఒక పిడికెడు తెచ్చి చిన్న అల్యూమినియం గిన్నెలో వేడినీళ్ళు, సబ్బు, బట్టల సోడా వేసి నానబెట్టేది. చెయ్యి పెట్టనిచ్చేది కాదు. "కదిపావంటే ముద్దవుతుంది," అనేది. "నీకు ఏదీ ఊరికే ఉంచడం చేతకాదు."

ఆ గిన్నెలో డిస్కు పట్టదు. ఆమె జామ్ కాచే పెద్ద స్టీలు గిన్నె పడుతుంది. సోడా అల్యూమినియాన్ని తింటుంది కూడా. స్టీలే మంచిది.

సెప్టెంబర్ 25

గాలి ఎక్కువగా ఉంది. పని చేయలేదు.

సెప్టెంబర్ 26

గాలి లేదు. పని చేయలేదు.

క్లెమ్ ఫోన్ చేశాడు. "ఎంతవరకు వచ్చింది?" అన్నాడు. వచ్చిందన్నాను. "అంటే రాలేదన్నమాట," అన్నాడు.

సెప్టెంబర్ 27

కిందిది క్లెమ్ కొట్టినది. పైది ఆమె పూసినది. నేను కడగవలసింది కిందిదే. ఈ సంగతి తేలడానికి ఇన్ని రోజులు ఎందుకు పట్టిందో తెలియదు. తేలింది.

చక్రం దించి డిస్కు విప్పాను. జామ్ గిన్నెలో నీళ్ళు వేడి చేసి, సబ్బు తురుము, సోడా వేసి ముంచాను. నీళ్ళు మరగనివ్వలేదు, చెయ్యి పెట్టలేదు. డిస్కు ముద్దవదని తెలుసు. అయినా పెట్టలేదు.

వాసన వచ్చింది. ఈసారి తలుపు తెరిచే ఉంచాను.

నీళ్ళు బూడిదరంగయ్యాయి. చల్లారుతుంటే పైన మీగడలా గోధుమరంగు తెట్టు కట్టింది. అది పారబోసి మళ్ళీ పెట్టాను. పైపు శుభ్రం చేసే తీగ బ్రష్‌తో ఒక్కొక్క రంధ్రంలోంచి తోశాను. కొన్నిటిలోంచి జిడ్డు సన్న పురుగులా బయటికి వచ్చింది. మళ్ళీ వేడినీళ్ళు. తర్వాత ఆరుబయట, స్టవ్‌కు దూరంగా, స్ప్రే బ్రేక్ క్లీనర్‌తో కడిగి ఆరబెట్టాను.

శుభ్రమైందో లేదో కంటికి తెలియదు. లోహం మీద చన్నీళ్ళు పోయాలి. నీరు ముత్యాల్లా నిలబడితే జిడ్డు ఉన్నట్టు. పలకలా పరుచుకుంటే లేనట్టు. మొదటిసారి ముత్యాలు. రెండోసారి అంచున రెండు మూడు. గిన్నె మళ్ళీ పొయ్యి మీద పెట్టాను. పొద్దువాలే వేళకు నీరు అంచు నుంచి అంచు దాకా ఒక్క పొరగా నిలిచింది. దానిలో ఆకాశం కనబడింది.

క్యాలిపర్‌నూ అలాగే కడిగాను, రబ్బరు ముక్కలకు క్లీనర్ తగలకుండా. పాత ప్యాడ్లు, కొత్త ప్యాడ్లు, అన్నీ చెత్తలో వేశాను. తర్వాత ఒకటి వెనక్కి తీశాను. కాల్చినది.

సెప్టెంబర్ 30

"వీటిని వేయించుకుని తింటున్నారా సార్?" అంది నోలా ప్యాడ్ల పొట్లం ఇస్తూ.

"రుచి బాగుంది."

"ఆదివారం టైర్లు తీసేయమంటారా, ఉంచమంటారా?"

"ఉండనీ. వాటితో పని పడదు."

"పని పడదంటే తీసేయమనాలిగా."

"నోలా, నిన్ను కెమిస్ట్రీలో పాస్ చేసి ఉండవలసింది."

"ఇప్పుడైనా చెయ్యండి. రోడ్డుకి ఆ చివర నేను, ఈ చివర మా ఆయన ఎర్రజెండాలు పట్టుకుని నిలబడతాం. మీరు గీత దాటినా లారీ కిందికి వెళ్ళరు. నా టైర్లలోకే వస్తారు."

అక్టోబర్ 1

ప్యాడ్లు బిగించాను. అలవాటు చేశాను. జెట్టీ రోడ్డు మీద ఆపాను, మళ్ళీ ఆపాను, డిస్కు మీద ఉమ్మితే సుయ్‌మనేదాకా వేడెక్కించి మళ్ళీ ఆపాను. ప్రతిసారీ ఆగింది.

డిస్కు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. వేడి ఇనుము వాసన. అంతే.

ఆ వాసన లేదు. రాయడానికి ఇంకేమీ లేదు.

అక్టోబర్ 4

క్లెమ్ ఫోన్. "రేపు వర్షమట. వాయిదా వేద్దామా?"

"వర్షంలో బ్రేకులు వద్దా?"

ఫోన్ పెట్టేశాడు.

అక్టోబర్ 5, ఆదివారం

వర్షం రాలేదు.

చాపెల్ దగ్గర బండి ఆపి కిందికి చూశాను. నోలా, వాళ్ళాయన జెండాలతో రోడ్డుకు రెండు వైపులా. బంకు దగ్గర కాఫీ కప్పులతో పదిమంది, పడవల పందేలు చూడటానికి వచ్చినట్టు. తెల్లగీత మీద ఎవరో నిలబడి ఉన్నారు. పక్కన కాదు, గీత మీదే, నడిమధ్యన. అంబులెన్సు వాళ్ళ ఆకుపచ్చ కోటు. క్లెమ్.

చెయ్యి ఊపి పక్కకు జరగమన్నాను. జరగలేదు. అతను చేతులు కట్టుకున్నాడు.

అక్కడే బండి కట్టేసి నడిచి దిగవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. దిగితే అది అతని మాటే అవుతుంది: ఈ బండి మీద నమ్మకం పెట్టకూడదు, ఈ మనిషి మీదా పెట్టకూడదు. నీళ్ళు పలకలా పరుచుకోవడం నేను చూశాను. వేడి మీద ఆగడం చూశాను. ఇక చూడవలసింది అతనే.

పక్కన పచ్చిక గట్టు ఉంది, అవసరమైతే అటు తిప్పవచ్చు. అది చూసుకుని బయలుదేరాను.

వాలు మధ్యలో ఉండగా ఆమె వెనక కూర్చున్నప్పటి అలవాటు కొద్దీ కుడివైపు చూశాను. ఇక్కడే ఎప్పుడూ ఆమె భుజం మీదుగా సముద్రం కనబడేది. ఈసారి అడ్డంగా భుజం లేదు. సముద్రమంతా కనబడింది. కళ్ళు రోడ్డు మీదికి తెచ్చుకుని పిడి నొక్కాను. మొదట రెండు వేళ్ళతో, తర్వాత నాలుగింటితో. ముందు భాగం కుంగింది, చక్రం కరిచింది, బరువంతా అరచేతుల్లోకి వచ్చింది.

ఆగింది. టైరు క్లెమ్ బూటును తాకీ తాకనట్టుంది. అతని కళ్ళు మూసి ఉన్నాయి.

"తెరువు," అన్నాను.

"ఆగావా?"

"నీ బూటునడుగు."

ఒక కన్ను తెరిచి చూశాడు. తర్వాత రెండోది. ముఖం తుడుచుకున్నాడు, చెమట లేకపోయినా.

"సరే. గెలిచావ్. చాలు."

"చాలదు. చల్లటి డిస్కు మీద ఎవడైనా ఆపుతాడు. నువ్వు కొట్టింది వేడెక్కాకే బయటికొచ్చేది."

మళ్ళీ ఎక్కి మళ్ళీ దిగాను. అతను గీత మీదే ఉన్నాడు, ఈసారి కళ్ళు తెరిచి. మూడోసారి దిగేసరికి డిస్కు చిటపటమంటోంది. బండి మొదటిసారి ఆగినచోటే ఆగింది. బంకు దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు, ఒక్కరే, తర్వాత సిగ్గుపడి మానేశారు.

"మరి లాటరీలో ఏం పెడతారు?" అని నోలా రోడ్డు అవతల నుంచి అరిచింది.

"ప్రొఫెసర్‌ని పెడదాం," అన్నాడు క్లెమ్. "ఒక్క టికెట్ కూడా అమ్ముడుపోదు."

నేను హ్యాండిల్‌కు తగిలించి తెచ్చిన రెండో హెల్మెట్ తీసి క్లెమ్‌కిచ్చాను. ఇన్నేళ్ళూ నేను పెట్టుకున్నది. ఈ రోజు నా తల మీద ఉన్నది ఆమెది.

"ఎక్కు," అన్నాను.

"నేనా? ఈ వయసులోనా?"

"ముందు కూర్చోవడం నా వల్ల కాదన్నావు. వెనక కూర్చోవడం కూడా నీ వల్ల కాదా?"

ఎక్కాడు. బండి మూలిగింది. అతని చేతులు గాల్లో వెతుక్కుంటున్నాయి.

"ఎక్కడ పట్టుకోవాలి?"

"సీటు వెనక కడ్డీ ఉంది. నా నడుం ముట్టుకున్నావంటే దింపేస్తాను."

"పడేస్తావా ఏంటి?"

"వెనక కూర్చున్నవాడు చెయ్యాల్సింది ఒకటే క్లెమ్. ముందున్నవాడు వాలిన వైపు వాలడం. ఎదురు వాలొద్దు, సాయం చెయ్యొద్దు, సలహా ఇవ్వొద్దు. ఆ పనిలో నాకంటే అనుభవజ్ఞుడు ఈ జిల్లాలో లేడు."

మొదటి మలుపులో ఎదురు వాలాడు. రెండో మలుపులో సరిగ్గా వాలాడు. సముద్రం పక్కగా పాత కోత షెడ్డు దాకా వెళ్ళి వచ్చాం. తిరిగి వచ్చేటప్పుడు అతను, గాలికి నాకు వినబడదనుకుని, వెక్కి వెక్కి ఏడ్చాడు. వెనక సీటులో కూర్చుంటే ముందున్నవాళ్ళకు ఏదీ వినబడదని నేనూ అనుకునేవాణ్ణి. అన్నీ వినబడతాయి.

ఇంటికి వచ్చాక షెడ్డులో బండిని నిలిపి, డిస్కు చల్లారేదాకా ఆగి, గొట్టం, మరలు, ఆయిల్ మట్టం చూశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. చివరగా సీటు ఎత్తాను. కింద రేకు మీద జిడ్డు ఇంకా ఉంది, పొరగా, మూడు వేళ్ళ చారలతో. చివర్లో చారలు పలచబడ్డాయి. అక్కడ ఆమెకు చెయ్యి అందలేదు.

క్లీనర్ డబ్బా పక్కనే ఉంది. ముట్టుకోలేదు. సీటు దించేశాను. అక్కడ ఆపవలసినదేమీ లేదు.